పక్క ప్లాటు ఒంటెగారు

ఆ ఇంటికి ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడికి కళ్ళద్దాల షాపు ఉంది. చిన్నల్లుడికి డ్రైవింగు స్కూలు ఉంది. విడివిడిగా చూస్తే ఇద్దరూ బంగారంలాంటి మనుషులు. ఒక గదిలో పెడితే మాత్రం ఉప్పూ నిప్పూ.

దీనికి కారణం లేకపోలేదు. పెళ్ళయిన కొత్తలో చిన్నల్లుడు కళ్ళు చూపించుకోవడానికి తోడల్లుడి షాపుకి వెళ్ళాడు. పెద్దల్లుడు శ్రద్ధగానే చూశాడు. అయితే ఆ ఆదివారం అత్తగారింట్లో భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, "మన డ్రైవింగు మాస్టారికి ఎదురుగా ఏనుగు నిలబడ్డా పక్కవాళ్ళు చెబితే గానీ తెలీదు" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నల్లుడు కూడా నవ్వాడు, కానీ పళ్ళతో మాత్రమే.

కొన్నాళ్ళకి పెద్దల్లుడు కారు కొన్నాడు. వేరే స్కూల్లో నేర్చుకుంటే బాగుండదని భార్య పోరు పెడితే చిన్నల్లుడి దగ్గరికే వెళ్ళాడు. నేర్పే కారులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. చిన్నల్లుడు దాని మీద నుంచి కాలు తీస్తే ఒట్టు. మలుపు తిరిగితే బ్రేకు, తిరక్కపోతే బ్రేకు, హారన్ కొట్టినా బ్రేకు. కారు కప్పలా గెంతుకుంటూ బజారంతా తిరిగింది. పెద్దల్లుడి షాపులో అద్దాలు చేయించుకున్నవాళ్ళంతా ఆ దృశ్యాన్ని చాలా స్పష్టంగా చూశారు.

ఆనాటి నుంచి ఇద్దరిదీ ఎడమొహం పెడమొహం. ప్రతి ఆదివారం అత్తగారింట్లో కలవక తప్పదు కాబట్టి కలిసేవారు. ఒకరు సోఫా కొన్నానంటే రెండోవారు మంచంలాంటి సోఫా కొనేవారు. అక్కచెల్లెళ్ళు మాత్రం వంటింట్లో చేరి హాయిగా కబుర్లు చెప్పుకునేవారు.

ఇలా ఉండగా ఒకరోజు పెద్దల్లుడి షాపుకి ఒక ఏజెంటు వచ్చాడు. పూర్వం ఊరి చివర ప్లాట్లు అమ్మేవాడు. ఇప్పుడు రోజంతా ఫోనులోకి చూసి చూసి కళ్ళు మసకబారాయట.

"ఏం చూస్తున్నావయ్యా అంతలా?" అన్నాడు పెద్దల్లుడు.

"భూములు సార్. వెండి దీవి అని, కంప్యూటర్లో ఉంటుంది. ఒక కంపెనీవాళ్ళు కట్టారు. మామూలు డబ్బు అక్కడ చెల్లదు. క్రిప్టో నాణేలు కొనుక్కుని, ఆ నాణేలతో స్థలం కొనుక్కోవాలి. ఇన్నాళ్ళూ కాగితాలు లేని భూములు అమ్మాను. ఇప్పుడు భూమి లేని కాగితాలు అమ్ముతున్నాను. ప్రాణం హాయిగా ఉంది. ఎండలో పడి సైటు చూపించక్కర్లేదు, ఎవడో వచ్చి చెత్త పోశాడన్న గొడవ లేదు."

"భూమే లేనప్పుడు ధర ఎలా పెరుగుతుంది?"

"ఉన్నదానికైతే హద్దుంటుంది గానీ, లేనిదానికి హద్దేముంది సార్?"

పెద్దల్లుడికి ఇది అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక తల ఊపాడు. ఏజెంటు ముందు తల ఊపడమంటే సగం కొన్నట్టే. షాపుకి కొత్త బోర్డు పెట్టిద్దామని దాచిన డబ్బు అలా నాణేలయింది, ఆ నాణేలు స్థలమయ్యాయి. ముఖానికి తగిలించుకునే హెడ్‌సెట్ ఒకటి అదనంగా వచ్చింది.

"రెండు జాగ్రత్తలు సార్," అన్నాడు ఏజెంటు వెళ్తూ వెళ్తూ. "కొన్నట్టు ఇక్కడ ఎవరికీ చెప్పకండి. అక్కడ మీ పేరూ మీ పనీ చెప్పకండి. చెప్పారో, దొంగలు నాణేలు ఊడ్చుకుపోతారు."

పెద్దల్లుడికీ చెప్పాలని లేదు. ధర బాగా పెరిగాక ఒక ఆదివారం అన్నం కలుపుకుంటూ తాపీగా బయటపెట్టాలి, తోడల్లుడి గొంతులో ముద్ద అడ్డం పడాలి, అదీ ఆయన కోరిక. ఏజెంటు అంతకు ముందు వారమే డ్రైవింగు స్కూల్లో కారు నేర్చుకున్నాడనీ, పక్క ప్లాటు చిన్నల్లుడికి ఆ కారులోనే అంటగట్టాడనీ, చిన్నల్లుడు కూడా సరిగ్గా ఇదే ముద్ద కోసం నోరు మూసుకున్నాడనీ ఆయనకి తెలియదు.

వెండి దీవిలో తిరగాలంటే ఒక రూపం కావాలి. కోటు వేసుకున్న మనిషి రూపానికి ఇంకా నాణేలు పెట్టాలి. ఊరికే వచ్చేవి బాతు, ఒంటె, కుందేలు. పెద్దల్లుడు హుందాగా ఉంటుందని బాతును ఎంచుకున్నాడు. అక్కడ మాటలు ఆ జంతువుకి ఇచ్చిన గొంతుతోనే వినిపిస్తాయి. షాపు మూశాక ఇంట్లో వెనక గదిలోకి దూరి, తలుపు వేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని చూస్తే, తన స్థలం బల్లపరుపుగా, పచ్చగా మెరుస్తోంది. పక్క ప్లాటులో ఒక ఒంటె నిలబడి మొక్కకి నీళ్ళు పోస్తోంది.

"నమస్కారమండీ," అంది ఒంటె. "ఇది మీదేనా?"

"మాదేనండీ," అంది బాతు. "మొక్కకి నీళ్ళు పొయ్యకపోతే ఎండిపోతుందా ఇక్కడ?"

"ఎండదండీ. పోసినా పెరగదు. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని. అబ్బ, మన భాష మాట్లాడేవాళ్ళు దొరికారు! అటు పక్క కుందేలుంది గానీ, దాని మాట ఒక్క ముక్క అర్థమై చావదు."

అలా మొదలైంది. మర్నాడు బాతు వెళ్ళేసరికి ఒంటె తన స్థలంలో ఒక అరుగు కట్టించింది. "మీరు వస్తారని పొడుగ్గా కట్టించానండీ" అంది. బాతు మొహమాటపడుతూనే ఎక్కి కూర్చుంది. ఎదురుగా సముద్రం. అలలు అన్నీ ఒకే సైజులో వచ్చిపోతున్నాయి. అలాంటి చోట మగవాళ్ళిద్దరు కూర్చుంటే కష్టసుఖాలు రాకుండా ఉంటాయా?

"మా తోడల్లుడని ఒకాయన ఉన్నాడండీ," అంది బాతు మూడో రోజో నాలుగో రోజో. "పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశాడు."

"మీకూ ఉన్నాడా?" అంది ఒంటె, మెడ సాచి. "మావాడూ అంతేనండీ. నా పరువు తీసిందాకా వాడికి తిన్నది అరగదు."

"అలాంటివాడికి మర్యాద ఇవ్వకూడదండీ."

"మీవాడికైతే అసలు గుమ్మంలో కాలు పెట్టనివ్వకూడదు."

ఎవరి గాయం వాళ్ళు చెప్పుకున్నారు గానీ, ఎదుటివాడికి తాము చేసింది ఎవరూ చెప్పలేదు. అందుకని రెండూ ఒకే కథ అని ఇద్దరికీ తట్టలేదు. అయినా, తన గురించి ఇంకొకరు చెప్పే మాటల్లో తనని తాను గుర్తుపట్టినవాడు లోకంలో ఎవడున్నాడు?

సలహాలు కూడా ఇచ్చుకున్నారు. "మీవాడు ఏం చెప్పినా 'అవునా' అనండి, అంతే. ఇంకో మాట మాట్లాడొద్దు. ఉక్రోషంతో ఉడికిపోతాడు" అంది ఒంటె. "మీరు మీవాణ్ణి తెగ పొగడండి. ఎందుకు పొగుడుతున్నాడో తెలీక నిద్ర పట్టదు" అంది బాతు.

ఆ ఆదివారం అత్తగారింట్లో చిన్నల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అన్నగారి చొక్కా చాలా బాగుంది."

"అవునా," అన్నాడు పెద్దల్లుడు.

"ఆ రంగు మీకే నప్పుతుంది."

"అవునా."

"మీ షాపు లేకపోతే ఈ ఊరు గుడ్డిదైపోయేది."

"అవునా."

అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చిన్న కూతురితో, "మీ ఆయనకి జ్వరమేమో చూడవే" అన్నారు. పెద్ద కూతురితో, "మీ ఆయనకి చెవులు పరీక్ష చేయించు" అన్నారు.

ఆ సాయంత్రం అరుగు మీద బాతూ ఒంటే పొట్ట పట్టుకుని నవ్వాయి. ఇద్దరి సలహాలూ బ్రహ్మాండంగా పనిచేశాయట.

నెలలు గడిచేసరికి వెండి దీవి ధరలు ఎగిరి కూర్చున్నాయి. ఏజెంటు ఇద్దరికీ ఫోను చేశాడు. "సార్, మూడింతలయింది. ఇప్పుడు అమ్మేస్తే మీ పంట పండినట్టే."

"అమ్మితే ఇక అక్కడికి వెళ్ళడానికి ఉండదా?" అన్నాడు పెద్దల్లుడు.

"స్థలమే లేకపోతే ఎక్కడికెళ్తారు సార్?"

పెద్దల్లుడు కాసేపు ఆలోచించాడు. తోడల్లుడి గొంతులో అడ్డం పడవలసిన ముద్ద కళ్ళముందు కదిలింది. దాని వెనకే ఒంటె కూడా కదిలింది, అరుగు మీద ఒక్కటే కూర్చుని. "వద్దులేవయ్యా. పక్కవాళ్ళు మంచివాళ్ళు. ఈ రోజుల్లో దొరకరు" అన్నాడు. డ్రైవింగు స్కూల్లో చిన్నల్లుడు కూడా అదే మాట అని ఫోను పెట్టేశాడు. ఏజెంటుకి మతిపోయింది. లేని భూమిని కొన్నవాళ్ళని చూశాడు గానీ, లేని భూమిలో పక్కింటివాళ్ళ కోసం లాభం వదులుకున్నవాళ్ళని చూడలేదు.

ఇక ఇళ్ళలో సంగతి. పెద్ద కూతురు చాలా రోజులుగా గమనిస్తోంది. భర్త షాపు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, తల దువ్వుకుని, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు. ఒకరోజు తలుపుకి చెవి ఆనిస్తే, "మీతో మాట్లాడితే గానీ నాకు రోజు గడిచినట్టుండదు" అన్న మాట వినిపించింది. పెళ్ళయినప్పటి నుంచి తనతో ఆయన అంత తీయగా ఎప్పుడూ మాట్లాడలేదు. కళ్ళనీళ్ళతో చెల్లెలికి ఫోను చేసింది.

"ఏమేవ్, నా కొంప మునిగిందే. మీ బావగారు ఎవరితోనో..."

"అక్కా," అంది చెల్లెలు, గొంతు తగ్గించి. "నీకెలా చెప్పాలా అని చూస్తున్నా. ఇక్కడా అదే. ఇప్పుడు కూడా తలుపేసుకునే ఉన్నారు."

"ఇప్పుడా? ఈయనా ఇప్పుడే! ఏమంటున్నాడో విని చెప్పు."

ఇద్దరూ ఒక చెవి తలుపుకీ, ఒక చెవి ఫోనుకీ ఆనించారు.

"'భోంచేశారా' అని అడుగుతున్నారు మా ఆయన, ఎంత ప్రేమగానో," అంది అక్క, ముక్కు ఎగబీలుస్తూ.

"మా ఆయన 'ఇంకా లేదండీ, మా ఆవిడ ఫోన్లో ఉంది' అంటున్నారు."

"'మా ఆవిడా అంతే, ఫోను పట్టిందంటే వదలదు' అంటున్నారు ఈయన."

"'వాళ్ళ అక్కతో అయ్యుంటుంది, ఇద్దరికీ వేరే పని లేదు' అంటున్నారు..." చెల్లెలు ఆగిపోయింది. "అక్కా. మళ్ళీ చెప్పు. బావగారు ఇప్పుడేమన్నారు?"

"'అవునండీ, అవతల చెల్లెలుంటుంది' అన్నారు."

"మా ఆయన ఇప్పుడే నవ్వారు."

"ఈయనా నవ్వుతున్నారు."

అక్కచెల్లెళ్ళిద్దరూ కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వు ఆపుకోలేక ఎక్కడివాళ్ళక్కడ నేలమీద కూలబడ్డారు. కాసేపటికి తేరుకుని మళ్ళీ చెవులు ఆనిస్తే, లోపల మాటలు అత్తగారి మీదికి మళ్ళాయి. ఆవిడ వంటలో ఉప్పు ఆవిడ కోపాన్ని బట్టి పడుతుందనీ, ఆవిడ గురక కిటికీ రెక్కల్ని కదుపుతుందనీ ఒకరంటే, 'మా అత్తగారూ అంతేనండీ' అన్నారు రెండోవారు.

నాలుగు రోజులు అలా చెవులు ఆనించేసరికి దీవీ, ప్లాట్లూ, బాతుగారూ, ఒంటెగారూ అన్నీ అక్కచెల్లెళ్ళకి బోధపడ్డాయి. విషయం పూసగుచ్చినట్టు తల్లికి చెప్పారు. గురక దగ్గర ఆవిడ మొహం కొంచెం మారింది గానీ, నిభాయించుకున్నారు.

"ఎవరూ నోరెత్తకండి. ఇన్నేళ్ళుగా నా ఇంట్లో ఇద్దర్నీ కలపలేక నా తలప్రాణం తోకకొచ్చింది. ఎక్కడో బాతూ ఒంటే అయి కలిశారు. చెడగొట్టకండి."

"డబ్బు పెట్టారమ్మా!"

"ఈపాటికి పోయే ఉంటుందిలే. అడిగితే తిరిగొస్తుందా?"

ఆవిడ నోటి మహిమో ఏమో, నెల తిరక్కుండానే వెండి దీవి కుప్పకూలింది. నాణెం విలువ పడిపోయింది, కొనేవాడు లేడు. జీతాలు ఇవ్వలేక కంపెనీవాళ్ళు దీవిని కొంచెం కొంచెంగా ఆపేయడం మొదలుపెట్టారు. ఒకరోజు సముద్రం ఎడమ సగం కనిపించలేదు. మర్నాడు కుందేలుకి నడుము కింద ఏమీ లేదు. అదేమీ పట్టనట్టు కుందేలు తన భాషలో ఏదో చెబుతూనే ఉంది.

"ధర సంగతి వదిలెయ్యండి, బాతుగారూ," అంది ఒంటె దిగులుగా. "మీరూ నేనూ ఎలా?"

"ఇంతకీ మీది ఏ ఊరండీ?"

ఒంటె చెప్పింది. బాతు రెక్కలు టపటపలాడించింది. "అయ్యో! మాదీ అదే ఊరండీ! ఇన్నాళ్ళూ పక్కనే పెట్టుకుని! రేపు సాయంత్రం కలుద్దాం. బస్టాండు ఎదురుగా టీ హోటల్ తెలుసు కదా? గుర్తు కోసం ఎదుటి కుర్చీ ముందు ఒక కప్పు టీ పెట్టుంచుతాను."

"నేనూ అలాగే పెడతాను. ఇంతకీ నా పేరు..." అంటుండగా ఒంటె తల మాయమైంది. కాళ్ళు కాసేపు నిలబడి, అవీ పోయాయి. కాసేపటికి బాతు కూడా చీకట్లో కలిసిపోయింది.

తలుపు ఇవతల పెద్ద కూతురు అప్పటికే చెల్లెలికి ఫోను కలిపింది.

మర్నాడు పెద్దల్లుడు షాపు పెందలాడే కట్టేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీ హోటల్‌కి వెళ్ళాడు. కిటికీ పక్కన కూర్చుని రెండు టీలు చెప్పి, ఒకటి ఎదుటి కుర్చీ ముందు పెట్టాడు. గుమ్మంవైపే చూస్తున్నాడు. ఒంటె ఎలాంటి మనిషై ఉంటాడో అని ఊహించుకుంటున్నాడు. పొడుగ్గా, శాంతంగా, కాస్త వయసు మళ్ళి ఉంటాడనుకున్నాడు. అంతలో తోడల్లుడు లోపలికి వచ్చాడు.

"మీరేంటి ఇక్కడ?" అన్నాడు పెద్దల్లుడు, మొహం చిట్లించి.

"టీ హోటల్‌కి టీ తాగడానికి వస్తారు. మీరేంటి?"

"నా కోసం ఒక పెద్దమనిషి వస్తున్నారు. మీరు కాస్త దూరంగా కూర్చుంటే బాగుంటుంది."

"నా కోసమూ ఒక పెద్దమనిషి వస్తున్నారు. ఆయన మీలాంటివాళ్ళ పక్కన కూర్చోరు."

చిన్నల్లుడు విసురుగా పక్క బల్ల దగ్గర కూర్చుని రెండు టీలు చెప్పాడు. మూలనున్న బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు మెనూ కార్డులు మొహాలకి అడ్డం పెట్టుకుని కూర్చున్న సంగతి ఇద్దరూ చూడలేదు. అందులో ఒక కార్డు తలకిందులుగా ఉంది.

టీలు చల్లారాయి. ఎవరు లోపలికి వచ్చినా ఇద్దరూ ఒకేసారి సగం లేచి, ఒకేసారి కూర్చుంటున్నారు. పొడుగాటి మనిషి ఒకాయన వస్తే పెద్దల్లుడు నవ్వుమొహంతో ఎదురెళ్ళాడు గానీ, ఆయన కుళాయి బాగు చేయడానికి వచ్చినవాడు.

"మీ పెద్దమనిషి రాలేదేం?" అన్నాడు చిన్నల్లుడు వెటకారంగా.

"మీవాడొచ్చాడా? రెండు కప్పులు పెట్టుకుని కూర్చున్నారు, ఒకటి చాలలేదా?"

"మీ ముందూ రెండే ఉన్నాయిగా."

ఇద్దరూ ఎదుటివాడి కప్పుల్ని చూశారు. తమ కప్పుల్ని చూసుకున్నారు. మళ్ళీ ఎదుటివాడి కప్పుల్ని చూశారు. పెద్దల్లుడి మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"ఒంటెగారూ?" అన్నాడు, తన గొంతు తనకే వినపడనంతగా.

చిన్నల్లుడు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "బాతు... గారూ?"

ఒక్కొక్క సాయంత్రమే వెనక్కి వచ్చి ఇద్దరి నెత్తిమీదా కూర్చుంది.

"తిన్నది అరగదన్నది... నా గురించేనా?" అన్నాడు పెద్దల్లుడు చివరికి.

"'మీవాడికైతే గుమ్మంలో కాలు పెట్టనివ్వకూడదు' అన్నది నా గురించే కదా? నేను పిచ్చివాణ్ణి, ఆ మాట అన్నది కూడా నేనే."

"మరి నేను? 'తెగ పొగడండి' అని నేనే చెప్పి, నేనే పొగిడించుకున్నాను. ఆ రాత్రి నాకు నిజంగానే నిద్ర పట్టలేదు."

"మీరు 'అవునా' అన్నప్పుడల్లా నాకు ఎంత మండిందో తెలుసా? ఎవడు నేర్పాడ్రా వీడికి అనుకున్నాను!"

పెద్దల్లుడికి ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. చిన్నల్లుడు టీ మింగబోయి ముక్కులోంచి వదిలాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వుతూ ఉండగానే పెద్దల్లుడు, "ధర పెరిగినప్పుడు ఏజెంటు మీకు ఫోను చెయ్యలేదా?" అన్నాడు.

"చేశాడు. వద్దన్నాను."

"ఎందుకు?"

చిన్నల్లుడు చెంచాతో ఖాళీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "మీరెందుకు వద్దన్నారో అందుకే" అన్నాడు. పెద్దల్లుడు రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అప్పుడే మూలబల్ల దగ్గర కార్డు దించి అత్తగారు లేచారు. వెనక కూతుళ్ళిద్దరూ. ఆవిడ వచ్చి రెండు బల్లల మధ్య నిలబడ్డారు.

"డబ్బు పోయిందని నేనేమీ అనను. పోట్లాడుకున్నారనీ అనను. ఒక్క సంగతి చెప్పండి అల్లుడుగార్లూ. అన్ని సాయంత్రాలు కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు కదా, నా గురించి ఏమనుకునేవాళ్ళు?"

అల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకోవలసిన అవసరం కలగలేదు.

"మీ మాటే రాలేదత్తయ్యా!" అన్నారు, ఒకే గొంతుతో.

"ఎప్పుడైనా వచ్చినా, మీ చేతి వంట గురించే," అన్నాడు పెద్దల్లుడు.

"ఉప్పు ఎంత బాగా కుదురుతుందో అని," అందుకున్నాడు చిన్నల్లుడు.

కూతుళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. అత్తగారు ఇద్దరినీ తేరిపార చూసి, "సరే, రండి. ఈ పూట వంట నాదే" అన్నారు. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎంత పడిందంటే, అల్లుళ్ళిద్దరూ చెరో చెంబు నీళ్ళు తాగుతూ, 'అద్భుతం, అద్భుతం' అంటూ గిన్నె ఖాళీ చేశారు.

పోయిన డబ్బు పోయింది. షాపు మీద పాత బోర్డే ఉంది. హెడ్‌సెట్లు రెండూ భార్యల బీరువాల్లోకి చేరాయి. ఇక తోడల్లుళ్ళు కలిసిపోయి ఉంటారని మీరనుకుంటే పొరపాటు. ఎదురుబదురుగా కూర్చుంటే పాత మొహాలు కనిపించి, పాత కోపాలే వస్తాయి. ఆదివారం భోజనాల దగ్గర ఇప్పటికీ ఫ్యాను స్పీడు మీద, పెరుగు మీద, రోడ్డు మీద గుంతల మీద వాదించుకుంటూనే ఉంటారు. అయితే చేతులు కడుక్కున్నాక ఒకాయన ముందు గదిలోకీ, ఒకాయన వెనక గదిలోకీ వెళ్ళి తలుపులు వేసుకుంటారు. ఫోను మోగుతుంది.

"బాతుగారూ, భోజనం అయిందా?"

"అయిందండీ. ఇవాళ ఒకాయన నా బుర్ర తినేశాడు."

అలా గంటసేపు ఒకే ఇంట్లో రెండు గదుల్లోంచి మాట్లాడుకుంటారు. మధ్యలో అత్తగారు నడవాలో పడుకుని గురక పెడుతుంటారు. తర్వాత ఇద్దరూ బయటికి వచ్చి, ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని, ఒకరినొకరు పలకరించుకోకుండా ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు.